చెప్పకూడని మాట

లింబాయత్‌లోని స్కానింగ్ గదిలో బల్ల మీద పడుకున్నది మరమగ్గాల షెడ్డులో పనిచేసే ఏడు నెలల గర్భిణి. స్కాన్ తీస్తున్న మనోజ్ఞ ఉన్నట్టుండి తెరను తనవైపు తిప్పేసుకుంది.

"ఆడపిల్లనా అక్కా? అందుకే సూపిస్తలేవా?"

"అది చెప్పకూడదమ్మా, కానూన్ ఒప్పుకోదు."

"నేనడగ తియ్యి. ఆడపిల్లయినా మాకు సంబురమే. పేరు గూడ అనుకున్నం."

"డాక్టరమ్మకు కబురు పెట్టాను. వచ్చి ఆవిడే మాట్లాడతారు."

"పోయినసారి అంతా మంచిగున్నదని నువ్వే చెప్పినవ్ గద?"

"ఈసారి ఆవిడే చెప్పాలి. నేను చెప్పకూడదు."

"గట్లనా? మరి గుండె సప్పుడన్న ఇనిపియ్యి. దానికి కానూన్ అడ్డం రాదు గద?"

మనోజ్ఞ ప్రోబ్‌ను పొట్ట మీద ఇంకోచోటికి జరిపి చూసింది.

"జర గట్టిగ పెట్టక్కా. పొద్దుమాపు షెడ్డుల నడిచే సాంచల మోతకు నా చెవులు మందమైనయి."

వాల్యూమ్ అప్పటికే చివరికంటా పెంచి ఉంది.