కొంరవ్వ కిర్రు చెప్పులు

కొంరవ్వ చెప్పులు చంకల పెట్టుకొని నడుస్తుండేదంట. కాళ్లకు తొడిగేటియి చంకలెందుకు అంటరా? దొర ఉండే గడి ముంగటికెళ్లి పోవాలంటే అట్లనే పోవాలె మరి. ఆమె మొగడు బాలనర్సు ఊరందరికీ చెప్పులు కుట్టేటోడు. కుట్టినోడికీ అదే కట్టడి, తొడిగినోడికీ అదే కట్టడి అనుకో. ఇట్లుండంగ ఏమైందంటే, స్వరాజ్యం వచ్చింది, ఓట్లొచ్చినయి. జీపెక్కి ఒక నాయకుడొచ్చి, ఇగ వెట్టి లేదు, అందరికీ భూములిస్తం, ఎవ్వరూ ఎవ్వరి ముంగట చెప్పులు విడిచేది లేదు అని చెప్పిపోయిండంట. భూమి మాట బాలనర్సు విన్నడు, చెప్పుల మాట కొంరవ్వ విన్నది. ‘ఇగో, నాకు కిర్రు చెప్పులు కుట్టు. నేను నడుస్తుంటే ఊరంతా ఇనబడాలె’ అన్నది. ‘గడి ముంగట కిర్రుమంటే నా వీపు పెటిల్లుమంటదే’ అన్నడు. అన్నడు గాని కుట్టిండు. కాదంటే ఆ వీపు ఇంట్లనే పగులుతది గద!

తొడుక్కొని కిర్రుకిర్రుమనుకుంట పోతున్నది కొంరవ్వ. గడి కాడికి రాంగనే దొర ఎదురొచ్చిండంట. ఆ దొరే ఇప్పుడు తెల్లటోపీ పెట్టి సర్పంచి అయిండు. గడికే పంచాయతి ఆఫీసని బోర్డు కట్టిండు. ఓట్లకు ముందు ‘ఏమే కొంరీ’ అనేటోడు, ఇప్పుడు ‘కొంరమ్మా’ అంటుండు. పిలుపు మారింది, కట్టడి మారలే. ‘కొంరమ్మా, నన్ను చూసి విడువమంటలేను తల్లీ. ఇది ఆఫీసు. నీది, నాది, మనందరిది. గుడి అసొంటిది. గుడి ముంగట చెప్పులేసుకొని తిరుగుతరా?’ అన్నడంట. ఏం జేస్తది? విడిచి మళ్ల చంకల పెట్టుకున్నది. కడుపు మండి ఆ పూట బువ్వ తినలే. ‘నేను చెప్పలే?’ అన్నడు మొగడు. ‘నువ్వు నోర్మూయి, నన్ను ఆలోచన చెయ్యనియ్యి’ అన్నది.

ఎండకాలమాయె. నడినెత్తిన పొద్దున్నప్పుడు తహసీల్దారు వచ్చేటట్టు ఆఫీసు లోపట మీటింగు పెట్టిండ్రంట. కొంరవ్వ వాడకట్టు ఆడోళ్లందరినీ తోల్కపోయి గడి దర్వాజ కాడ కూసోబెట్టింది. తహసీల్దారును ఎంటబెట్టుకొని దొర రాంగనే లేచి దండం పెట్టింది. ‘నీ బాంచెన్ దొరా, ఇది గుడి అంటివి. గుళ్లెకు మమ్ముల రానియ్యకపోతిరి గాని, పూజారి చెప్పులతోని పోంగ నేనైతే చూడలే.’ దొర మొకం చూడాలె అప్పుడు! టోపీ మరిచిపోయిండు, తల్లీ అన్న మాట మరిచిపోయిండు. ‘ఇది నా గడే కొంరీ!’ అని అరిచిండంట. ‘నీ గడైతే బోర్డు తీసెయ్యి. మా ఆఫీసైతే చెప్పులు తియ్యి’ అన్నది. తహసీల్దారు నవ్వాపుకోలేక ముందుగాల తన బూట్లే విడిచిండంట. ఇగ దొరకేం దారి? విడిచిండు. వాకిలంతా నల్లబండలు, పెనం తీరు కాలుతున్నయి. ఒక కాలు పెడితే ఒక కాలు లేస్తది. పంచె ఎత్తిపట్టి, కాలుగాలిన పిల్లి తీరు ఒకటే గంతులు! ఆడోళ్లు కొంగులు నోట్లె కుక్కుకున్నరు. తెల్లారే డప్పు కొట్టి చాటింపేసిండ్రు, ఆఫీసు ముంగట ఎవ్వరూ చెప్పులు విడువనక్కర్లేదహో అని. ఆనాడు కొంరవ్వ పనున్నా లేకున్నా పొద్దూకేదాక ఆ తొవ్వ పొంటి అటూ ఇటూ తిరిగిందంట.

గంతే. భూములిస్తమన్నది ఏమాయె అంటరా? నన్నడుగుతరేంది, ఆ జీపాయనను అడుగుండ్రి! స్వరాజ్యం మా వాడకట్టుకు కాళ్ల దాకైతే వచ్చింది. కడుపు దాకా ఎక్కాలంటే, మళ్ల ఎవరన్న పోయి దర్వాజ కాడ కూసోవాలె.