పసుపుకుంకుమ చేలో అదురు పెట్టె

"అవ్వా, మన బండ చేలో భూకంపాల పెట్టెను పీకడానికి వస్తే నువ్వు అడ్డం కూర్చున్నావంట గదా. ఏం జరిగింది?"

ఎవురు చెప్పినారే నీకు? మీ నాయనేనా? వాడు ఏదైనా సగమే చెప్తాడు. నేను అడ్డం కూర్చోలా, పెట్టె మూత మీదనే కూర్చున్నా.

ఆ చేను ఉండాదే, అది మా నాయన నాకు పసుపుకుంకుమ కింద ఇచ్చింది. మా అన్నోళ్ళు నవ్వినారు, ఆడబిడ్డకు బండలిచ్చినావు నాయనా అని. నిజమేలే, కంది గూడా సరిగ్గా పండదు. దాంతోపాటు నాలుగు గొర్రెలు గూడా తోలినాడు, ఇప్పటి మన మందంతా వాటి సంతే. అప్పుడు పొట్టేలు ధర ఎంతనుకున్నావు... సర్లే, యాడికో పోతుండా.

ఆ, భూకంపాల ఆఫీసోళ్ళు జీపులో వచ్చినారు. అందరూ మగోళ్ళే, వాళ్ళకు పెద్ద మాత్రం మీ చిన్నమ్మ ఈడు పిల్ల. రోడ్డుకు దూరం, రైలు కట్టకు దూరం, మోటార్లు లేవు, కింద బండ, ఇట్లాంటి తావే కావాలంట. "చేను ఎవరిదమ్మా?" అనింది. నాదే అన్నా. "అయితే మిమ్మల్నే అడగాల. పెట్టుకోమంటారా?" అనింది. కరెంటు లైనోళ్ళు వచ్చినప్పుడు మీ తాతను అడిగినారు, సోలారోళ్ళు మీ నాయనను అడిగినారు. నన్ను అడిగింది ఆ పిల్ల ఒకతే తల్లీ. లోపల మురిసిపోయినా. అయినా బింకంగా, "ముందు అదేం చేస్తాదో చెప్పు, ఆమీట చూస్తా" అన్నా.

చెప్పింది. యాడనో సముద్రాల అవతల భూమి కదిలితే, ఆ అదురు లోపలికంటా దిగి, అడుగునుంచి తిరిగి మన కాళ్ళ కిందకు వస్తాదంట. లోపల వేడి ఉన్నకాడ మెల్లగా, సల్లంగా గట్టిగా ఉన్నకాడ బిరబిరా నడుస్తాదంట. దేశమంతా ఇట్లాంటి పెట్టెలు పెట్టి, ఏ అదురు యాడికి ఎప్పుడొచ్చిందో అన్నీ కలుపుకుంటే భూమి కడుపులో ఏముందో బొమ్మ వస్తాదంట. ఆస్పత్రిలో స్కానింగు తీస్తారు చూడు, అట్ల. మంద మాత్రం ఆ చేలో పెట్టగాకండి, గొర్రెల డెక్కల చప్పుడుకే పెట్టె కలత పడుతుంది అనింది. రాత్రిళ్ళు మంద పెట్టేది ఊరి రైతుల చేలల్లో గదా, ఎరువు కోసం వాళ్ళే పిలుస్తారు. నా బండల్లో ఎందుకు పెడతా? ఊఁ అన్నా, గుంత తీసి పెట్టె దించి మూతేసి పోయినారు.

ఆ మరుసటి ఎండాకాలం బోర్లు ఎండిపోయినాయి. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసేటోణ్ణి పిలిపించినారు. నీళ్ళున్నకాడ కాయ నిలబడాల గదా, ఒక్కకాడ తప్ప యాడా నిలబడలా. నిలబడిన ఒక్క చోట బోరేస్తే దుమ్మొచ్చింది. వాడేమన్నాడో తెలుసునా? ఆ పెట్టె నీళ్ళ దారి మళ్ళిస్తా ఉండాది, అందుకే కాయకు దిక్కు తెలియడంలా అన్నాడు. అంతే, ఊరోళ్ళు గడ్డపారలు తీసుకుని వచ్చినారు, నేను పోయి మూత మీద కూర్చున్నా.

"లెయ్ వదినా" అన్నాడు నారాయణ, దుమ్మొచ్చిన బోరు వానిదే.

"నీ బోరు ఎంత లోతు పోయిందిరా? ఇది చూసేది వందల మైళ్ళ కింద. పైపైన ఉండే నీ నీళ్ళతో దీనికేం పని? కాయ పడుకుంటే కాయను అడగండి" అన్నా.

"అయితే ఇంక నీ మందను ఊళ్ళో ఎవురూ చేలో పెట్టనియ్యరు" అని అందర్నీ వెనక్కి తీసుకపోయినాడు.

ఆ మాట తగిలింది తల్లీ. రాత్రికి గొర్రెలను యాడికి తోలాల? మిగిలింది ఆ బండ చేనొకటే, దాంట్లో పెట్టకూడదు. ఇంటికొచ్చి ఏడ్సినా. మీ నాయన, "పెట్టె తీసుకపొమ్మని ఫోన్ చేద్దామా" అన్నాడు. ఊఁ అన్నది నేను, వద్దనాలన్నా నేనే అనాల, గడ్డపారలు చూసి అననంటే అనను అన్నా. మందను గిద్దలూరు దిక్కు అడివి అంచుకు తోలి, కంపతో దొడ్డి కట్టినాం. చిరుత ఒకట్రెండు పట్టింది. కాపలా కాయలేక సగం జీవాలు అమ్మినాం. మీ నాయనకు కొన్నాళ్ళు నా మీద కోపం పోలా.

మొన్న ఆ పిల్ల మళ్ళా వచ్చి కంప్యూటర్‌లో బొమ్మ చూపించింది. వేడి ఎర్రగా, సల్లన నీలంగా, ఏందో మబ్బుల మాదిరి. దీంట్లో నా చేనేదే అన్నా. "మీ చేను కనపడదవ్వా. ఇదంతా కనపడింది మీ చేలోంచే" అనింది. జీవాలు పోయిన బాధ తీరిందా అంటే, తీరలా. అబద్ధమెందుకు? కానీ మళ్ళా అడిగినా ఊఁ అనే అంటా.

ఇప్పుడు నారాయణ చేను చవుడు తేలింది. నిన్న మన అరుగు మీదకొచ్చి, "మందను మా చేలో పెట్టండబ్బాయా" అని మీ నాయనను అడిగినాడు. మీ నాయన సరే అనబోతే నేను లోపల్నుంచే అరిచినా, "మంద ఎవురిదిరా? నన్ను అడగమను" అని. తల దించుకుని పోయినాడు.

"వచ్చి అడిగితే పెడతావా అవ్వా?"

అది వాడు అడిగినాక గదా చెప్పేది! నువ్వు సల్లంగుండు తల్లీ. ఏ ఇంటికి పోయినా, ముందు నిన్ను అడిగి ఆమీట పని చేసే మనుషులే నీకు దొరకాల. దొరక్కపోతే... ఏముందీ, యాడుంటే ఆడ కూర్చో, లెయ్యగాకు.