కాత్యాయని కట్టిన చక్రాలు

కోతలు ఆపుకుని ఈ బడి ఆవరణకు వచ్చిన పెద్దలకూ, అక్కచెల్లెళ్ళకూ నమస్కారం. భార్యను పోగొట్టుకున్న చంద్రమోహన్ గారూ, తల్లిని పోగొట్టుకున్న అమ్మా తనూజా, మీకూ నమస్కారం. కాత్యాయని పోయి ఐదు రోజులైంది. నలభై మూడేళ్ళ మనిషి! మంగళవారం పొద్దున పదింటికి నా షాపుకు వస్తానంది. పదింటికి నేను వీధి వైపు చూస్తూ కూర్చున్నాను. పదింబావుకు కబురొచ్చింది, గుండె ఆగిపోయిందని. ఎవరి గుండె అని అడిగాను. చెప్పారు. మళ్ళీ అదే అడిగాను. ఇవాళ్టికీ అదే అడుగుతున్నాను.

నన్ను మీరెరుగుదురు. సైకిల్ షాపు గోపాలయ్యను. రాయచూరు నుంచి జవళగేర వచ్చి ముప్పై ఏళ్ళుగా మీ సైకిళ్ళు బాగుచేస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట తనూజ కాలవగట్టు మీద పడితే, బడికి వెళ్ళే సైకిలు ముందు చక్రం వంకరపోయింది. కాత్యాయని తీసుకొస్తే ఇవాళ రా, రేపు రా అని తిప్పాను. మూడోసారి వచ్చి, "పిల్ల నడిచి వెళ్తోంది బాబాయి గారూ. ఆ వంకర తియ్యడమేదో నాకు చెప్పండి, ఇంటి దగ్గర నేనే చేసుకుంటాను" అంది. నేను నలుగురి ముందూ నవ్వాను. "గిది వడియాలు పెట్టినట్టు గాదమ్మా" అన్నాను.

సైకిలు ఇంటికి నడిపించుకుపోయింది. వరండాలో తలకిందులుగా నిలబెట్టి, ఫోర్కుకు చీపురుపుల్ల కట్టి, చక్రం తిప్పుతూ రిమ్ము ఎక్కడ పుల్లకు తగిలితే అక్కడ ముగ్గుపిండితో గుర్తు పెట్టింది. ఆలోచన బంగారం. కానీ గుర్తు పెట్టిన చోటల్లా చక్రం పుల్లలు, అదే స్పోకులు, బలంకొద్దీ బిగించేసింది. సాయంత్రానికి చక్రం నూనెలో వేసిన అప్పడమైంది. దాన్నే చేత్తో పట్టుకుని మళ్ళీ నా షాపుకొచ్చింది. "నవ్వుకోండి బాబాయి గారూ. నవ్వాక తప్పెక్కడో చెప్పండి" అంది. ఎంతమందికి వస్తుందండీ ఆ ధైర్యం? నాకైతే రాలేదు. ఆ సంగతికే వస్తున్నాను.

ఆ రోజు రెండే మాటలు చెప్పాను. ఒకవైపు పుల్ల బిగించే ముందు ఎదురువైపు పుల్ల వదులు చెయ్యి. పావు తిప్పు చాలు, అంతకు మించొద్దు. మిగతాదంతా ఆమె చేతులే నేర్చుకున్నాయి.

మరుసటేడు నాట్ల రోజుల్లో, చక్రం మొత్తం కట్టడం నేర్చుకోవాలని చంద్రమోహన్ గారి సైకిలు వెనక చక్రం విప్పేసింది. నలభై పుల్లలూ చేటలో పోసింది. ఆయన పొలానికి నడిచే వెళ్ళారు, ఒకరోజు కాదు, వారం! వారానికి చక్రం నిలబడింది. గీత గీసినట్టు తిరుగుతోంది. తీరా గాలి కొట్టబోతే పంపు పట్టదు. సరిగ్గా గాలి రంధ్రం దగ్గరే పుల్లలు ఒకదాన్నొకటి దాటుతున్నాయి. ఇంకొకరైతే చక్రాన్ని కాలవలో పారేసేవారు. ఆమె పకపకా నవ్వి, చేట తెచ్చుకుని నలభై పుల్లలూ మళ్ళీ విప్పింది.

ఆ దెబ్బతో గాలి రంధ్రం మీద పంతం పట్టింది. ఆ తర్వాత ఏ చక్రం కట్టినా, గాలి రంధ్రానికి సూటిగా ఎదురుగా, చక్రం నడిమి హబ్బుకు నూనె పోసే బెజ్జం ఉండాల్సిందే. "ఎందుకమ్మా, దాంతోని చక్రం ఏమన్న మంచిగ తిరుగుతదా?" అని అడిగాను. "తిరగదు బాబాయి గారూ. చూసి కట్టానని నాకు తెలుస్తుంది" అంది.

ఇప్పుడు అసలు మాట. రెండేళ్ళుగా నా చేతులు వణుకుతున్నాయి. చూడండి. ఇవి పుల్ల బిగించే చేతులేనా? "గోపాలయ్య చెయ్యి పడితే ఏళ్ళకేళ్ళు తిరుగుద్ది" అని మీరు మెచ్చుకున్న చక్రాలన్నీ కాత్యాయని కట్టినవి. గుట్టుగా ఆమె ఇంటికి చేర్చి, తెచ్చుకుని, నావని చెప్పుకున్నాను. పాత చక్రాలతో నేర్చుకుంటోందనుకున్నారు ఇంట్లోవాళ్ళు. ఎవరికీ చెప్పొద్దన్నాను, చెప్పలేదు. "మీ షాపు మూతబడితే పిల్లలంతా సింధనూరు దాకా మోసుకెళ్ళాలి కదా, ఉండనివ్వండి" అంది.

మంగళవారం ఆమె రాగానే నలుగురిలో చెప్పేద్దామనుకున్నాను. అనుకున్నాను! రెండేళ్ళలో ఒక్క రోజు దొరకలేదా నాకు? ఎవరు చచ్చిపోతారని అనుకున్నాను, ముసలివాణ్ణి నేను కదా? అమ్మా తనూజా, మీ అమ్మ పేరు నేను దాచేశాను. నన్ను తిట్టు, పడతాను.

వెళ్ళేటప్పుడు గోడవార పెట్టిన మీ సైకిళ్ళు చూసుకోండి. గాలి రంధ్రానికి సూటిగా నూనె బెజ్జం ఉందా? ఉంటే అది కాత్యాయని చక్రం. మీ ఇళ్ళల్లో ఆ పేరే చెప్పండి.

ఇదిగో, మంగళవారం ఆమె నాకు తేవాల్సిన చక్రం. సోమవారం సాయంత్రమే కట్టి, ఇరుసు గోళీలకు గ్రీజు పెట్టి, వరండాలో ఉంచిందట. తనూజా, ఇలా రా బిడ్డా, ఇరుసు నువ్వు పట్టుకో. నేను తిప్పుతాను. అందరూ దయచేసి లేచి నిలబడండి. ఇది ఆగేదాకా ఎవరం మాట్లాడొద్దు. చాలాసేపు తిరుగుతుంది, ఓపిక పట్టండి. ఇది నేను కట్టింది కాదు.