గురిగింజల తూకం

"అమ్మమ్మా, తాత తూటాల మందును గురిగింజలతోటి తూచేటోడంట, నిజమేనా?"

అవ్, నిజమే. మీ అమ్మ చెప్పిందా? అసలు దొంగ ఆమెనే! ఆగు, చెప్త. నువ్వు పట్నంల రైఫిల్ క్లబ్బుల చేరి, ఖాళీ డొల్లలల్ల మందు నింపుడు నేర్చుకుంటున్నవంట గదా. మీకు తూకానికి మిషినంట. మాకేడిది బిడ్డా! వైరాల మా అన్న బంగారం పని చేస్తుండె, ఆయన ఇచ్చిన చిన్న త్రాసు, గింజలు, గంతే.

మీ తాత గీ బూర్గంపాడులనే లైసెన్సు తుపాకులు బాగు చేసేటోడు. కాయిదాలన్ని ఉండె, దొంగపని కాదు. పనిల దేవుడే గని, కోపమొస్తే... కూరల ఉప్పు తక్కువైతే నాలుగిండ్లకు వినబడేటట్టు తిట్టేటోడు. ఏండ్ల కింద ఏరిన గురిగింజలు, ఎండి ఎండి ఉన్నయి, ఒక డబ్బల దాసుకునేటోడు. తూటాకిన్ని గింజల ఎత్తు మందని లెక్క. ఎవ్వరు ముట్టొద్దు.

మీ అమ్మ అప్పుడు పాకుతుండె. ఇప్పుడు నీకు నీతులు చెప్తది గని, అప్పుడు మట్టి, బొగ్గు, నా చెప్పు గూడ నాకింది. ఒకనాడు సూస్తే, ఆ డబ్బ మూత తీసి కూసుంది. గురిగింజ విషం గదా, నా పానం పోయింది! నోట్ల వేలు పెట్టి సూసిన, ఏం లేదు. గింజలన్ని తీస్కపోయి గోదాట్ల పారేసిన. పారేసినంక గని మీ తాత యాదికి రాలే. జల్దీ పోయి కంచె మీది గురిగింజ తీగెకున్న గన్నే గింజలు తెంపి, డబ్బల పోసిన. ఎర్రగ, నున్నగ ఉన్నయి. మురిసిన గూడ! పచ్చి గింజ బరువుంటదన్న తెలివి నాకేడిది?

మరునాడు మీ తాత, పినపాకల ఉండే ఒక రిటైరైన ఆఫీసరు సారు రైఫిల్‌కు తూటాలు నింపిండు. ముందు తనే కొట్టి సూస్తనని గోదారి ఇసుకలకు పోయిండు. నేను సద్ది తీస్కపోయిన. మొదటిది కొట్టిండు, చెవులు గుయ్యిమన్నయి. డొల్ల బయటికి తీసే బోల్టు పిడి లేపుతుంటే లేస్తలేదు. "ఎండకు బిగిసింది" అన్నడు. ఎండంట! తన పనిల తప్పుంటదా మరి. కట్టెతోటి తట్టి లేపిండు. డొల్ల నా కాళ్ల కాడ పడ్డది.

ఆయన పక్కన కూసొని కూసొని డొల్ల సూసుడు నాకు తెలుసు. అడుగున సూది తగిలే చిన్న టోపీ ఉంటది గదా, దాని అంచు గుండ్రంగ ఉండాలె. గిది ఒత్తుకపోయి సాపైంది. పక్కన ఇత్తడి మీద మెరుస్తున్న మచ్చ. అంటే మందు ఎక్కువైంది, తుపాకి ఓర్వలేనంత. నాకు గప్పుడు ఎలిగింది, గింజలు!

ఆయన రెండోది పెట్టి, తుపాకి కట్టెకు చెంప ఆనిచ్చిండు. అది పగిలితే కన్నే పోతది. నాకు తెలుసు. తెలిసి గూడ, తిడతడని, ఒక్క ఊపిరంత సేపు ఊకున్న బిడ్డా. గందుకు ఇప్పటికి సిగ్గయితది నాకు. తర్వాత ఒర్లిన, "ఏమయ్యో, కొట్టకు! గింజలు నేను మార్చిన!"

దించిండు. డొల్ల సూసిండు, నన్ను సూసిండు. మిగతా తూటాలన్ని విప్పి మందు తీసేసిండు. ఒక్క మాట తిట్టలే. ఇంటికొచ్చేటప్పుడు దారిల అడిగిండు, మెల్లగ, "నేనంటే గంత భయమా నీకు?"

నేను సద్ది గిన్నె నెత్తికెత్తుకొని ముందట నడిచిన.

నీ రెండు కండ్లు నూరేండ్లు సల్లగుండాలె బిడ్డా. బోల్టు బిగిస్తే ఎండ అనకు, ఆగి డొల్ల సూడు. ఇంట్ల ఎవరన్న నీకు జడిసి ఏమన్న దాస్తున్నరేమో, గది గూడ... మీ తాత గట్ల అడిగినప్పుడు, భయం లేదని అంటే బాగుండు గని...