చివరిదాకా చూసే మనిషి

ఫోన్ నంబర్ ఏదమ్మా? నువ్వే వెతికి చూపించు, చూద్దాం. ఇదిగో, వేలితో తోస్తున్నా, తోస్తున్నా... కుర్చీల బొమ్మలొచ్చాయి, 'మా కథ' అట, అదీ వచ్చింది. ఆ, ఇక్కడుంది! ఎక్కడో పాతాళంలో, చీమ తలకాయంత అక్షరాల్లో. కుర్చీ విరిగినవాడు నా కోసం ఇంత దూరం దిగుతాడా? హాయిగా నేలమీద కూర్చుంటాడు గానీ!

కోప్పడటం లేదు తల్లీ. కూర్చో. అయ్యో, అందులో కాదు! దానికి ఇంకా సగమే అల్లాను, కూర్చుంటే కిందికి జారిపోతావు. ఆ స్టూలు లాక్కో.

నువ్వు వెబ్‌సైటు కొత్తగా మార్చినప్పట్నుంచీ ఫోన్ మోగడం మానేసింది. ఇదివరకు ఎవరో ఒకళ్ళు అడిగేవాళ్ళు, కుర్చీకి పేము ఊడిపోయిందండీ, ఎప్పుడు తెమ్మంటారు అని. ఇప్పుడు మోగితే అది లోను కావాలా అని అడిగేవాళ్ళే. ఏం చేస్తాను, వాళ్ళతోనే కాసేపు మాట్లాడుతున్నా. నవ్వకు, నిజం. మొన్నొక పిల్ల విసుగొచ్చి తనే పెట్టేసింది.

ఏంటది, గీతలా? చూపించు. ఓహో, ఇది పైకెక్కితే జనం ఎక్కువసేపు ఉన్నట్టా? వచ్చినవాళ్ళు నిలవాలి, నిలిస్తేనే బేరం. మొదట్నుంచీ అదేగా నువ్వు చెప్పేది. అందుకని అందరికంటే ఎక్కువసేపు ఎవరు నిలుస్తున్నారో చూసి, వాళ్ళకి నచ్చేట్టు మొత్తం మార్చేశావు. వాళ్ళకేం నచ్చిందట?

మా చెల్లి వీడియోనా.

మధ్యాహ్నంపూట ఎవరో వస్తున్నారు, నేరుగా దాని దగ్గరికే పోతున్నారు, చివరిదాకా చూసి మళ్ళీ మొదట్నుంచి పెడుతున్నారు... ఊఁ. అందుకని దాన్ని తెచ్చి గుమ్మంలో కూర్చోబెట్టావు. నా నంబరేమో పెరట్లోకి పోయింది.

బాగానే ఆలోచించావులే. నీ తప్పేం లేదు.

ఆ వీడియో నేనే తీశానమ్మా, ఏదైనా కదిలే బొమ్మ పంపమని నువ్వు అడిగితే. చిన్నది ఆ కిటికీ దగ్గర కూర్చుని అల్లుతుంటుంది. తల నెరిసినా ఇంట్లో దాని పేరు చిన్నదే. నానబెట్టిన పేముబద్ద మెడ చుట్టూ వేసుకుని, ఒక కన్ను మూసి, కుర్చీ కన్నంలోకి గురి చూస్తుంది. వెనకనుంచి నేను దాని ప్రాణం తోడేస్తుంటా, "గట్టిగా లాగవే, దాన్ని బతిమాలుకుంటున్నావేంటి!" అని. అది తల కూడా ఎత్తదు. "నువ్వు కాసేపు నోరు మూసుకుంటే కుర్చీ దానంతటదే బిగుస్తుందక్కా" అంటుంది. అంతే, అయిపోతుంది.

అంతమాత్రం దానికి ఎంత పని జరిగిందో చూడు. మా మరిది గుర్తున్నాడుగా నీకు? నీ వెబ్‌సైటు తెచ్చిన మొదటి బేరం ఆయనే! అది చూసి, ఆ ఓడరేవు ఊరి నుంచి రైలెక్కి, నిక్షేపంలాంటి కుర్చీని మోసుకొచ్చాడు బాగుచెయ్యమని. ఎక్కడ పాడైందయ్యా అంటే చిన్నది కూర్చున్న కిటికీ వైపు చూశాడు. కుర్చీ బాగుచేయించుకుంటానని వచ్చి మనిషినే పట్టుకుపోయాడు!

ఈ వయసులో నీకు పెళ్ళేంటే అన్నాను. మొహమ్మీదే అన్నా. తర్వాత దగ్గరుండి చేసిందీ నేనే అనుకో. మంచివాడేనమ్మా. తిట్టుకుందామన్నా ఒక్క వంక దొరకదు, అదీ నా బాధ.

ఫోనా? చేస్తుంది, ఎందుకు చెయ్యదు. బాగున్నావా అంటుంది, బాగున్నా అంటా. షాపెలా ఉందంటే, జోరుగా ఉంది, ఊపిరాడ్డం లేదంటా. ఇంకేం చెప్పమంటావు? ఈ పని ఇద్దరిదమ్మా. పైనుంచి ఒకరు పేము దూరిస్తే, కిందనుంచి ఇంకొకరు అందుకుని లాగాలి. ఇప్పుడు పైన దూర్చేదీ నేనే, వంగి కింద లాగేదీ నేనే. ఆ మాట చెప్పానంటే అది మర్నాడే పెట్టె సర్దుకుని దిగుతుంది. కొత్త కాపురం. చెప్పనుగాక చెప్పను.

ఏంటీ, ఆ వీడియో తీసేస్తావా?

బరువెక్కువా... దానివల్ల పేజీ తెరుచుకోవడం ఆలస్యమా... అది తీసేస్తే నంబరు పైకొస్తుందంటావు. సరే. తీసెయ్. షాపు బతకాలిగా మరి.

ఆగు. ఒక్క నిమిషం ఆగు తల్లీ.

ఆ మధ్యాహ్నం వచ్చే మనిషి నేనే.

అలా చూడకు. ఆ వేళకి ఇటు ఎవరూ రారు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, ఫోన్ని ఈ మేకుల డబ్బాకి ఆనించి పెట్టుకుంటా. అది అందులో అల్లుతుంది, నేనిక్కడ అల్లుతా. నోరు మూసుకోమంటుంది చూడు, అక్కడ నేనూ ఏదో ఒకటి తిరిగి అంటా. అయిపోగానే మళ్ళీ పెడతా. నా ఒక్కదాని ముచ్చట చూసి, లోకమంతా అదే కోరుకుంటోందనుకున్నావు నువ్వు. పాపం, నీకెలా తెలుస్తుంది? చెబుదామనే అనుకున్నా, సిగ్గేసింది.

ఆఁ? ఇద్దరా?

ఇద్దరేంటి, నాకున్నది ఈ ఒక్క ఫోనేగా. సరిగ్గా చూడు. నాలాగే, చివరిదాకా, మళ్ళీ మళ్ళీనా? ఆ రెండో మనిషి ఎక్కణ్ణుంచి చూస్తోంది?

ఓడరేవు ఊరి నుంచా.

పొద్దున్నపూట. ఊఁ... మా మరిది డ్యూటీకి వెళ్ళిపోయాక అయ్యుంటుంది.

దీనికేం పోయేకాలం చెప్పు! అందులో ఉన్నది దాని మొహమేగా, అద్దంలో చూసుకుంటే పోదూ? నేనసలు కనిపించను కూడా. వెనక నిలబడి తిట్టడమే...

తిట్టడమే.

జోరుగా ఉందక్కా ఇక్కడ, ఊరంతా తిరుగుతున్నాం అంటుందమ్మా ఫోన్లో. నాలాగే.

సరే, నంబరు పైన పెట్టు, ముసలివాళ్ళకి కూడా కనిపించేంత పెద్దగా. వీడియో మాత్రం తీసెయ్యకు. అడుక్కి తోసెయ్, ఆ పాతాళంలోకే. ఎంత కిందున్నా వెతుక్కుని వచ్చేవాళ్ళు వస్తారులే.