చెంప ఆనని ఎత్తు

కదలకు బావా అంటే కదులుతావేం! పొద్దుట్నించీ ఈ రైఫిల్ మీద గురి చూసే స్కోపుని పట్టి ఉంచే రింగులు మార్చి మార్చి నా వేళ్లు పడిపోయాయి. ఎత్తువి పెడితే నీ కన్ను అందదు. పొట్టివి పెడితే స్కోపు వెళ్లి బ్యారెల్ మీద కూర్చుంటుంది. నేనేం చెయ్యను, చెప్పు?

చెప్పలేవులే. క్యాన్సరని సగం దవడ కోసిన డాక్టరు నీ మాట కూడా పట్టుకుపోయాడు. మా అక్కకి ఎదురు చెప్పాలంటే భయపడేవాడివి, ఇప్పుడు ఆ బాధ తీరింది. నవ్వకు, కుట్లు వేసిన చోటు లాగుతుంది.

రైఫిల్ క్లబ్బులో అందరికీ పాఠం చెప్పింది నువ్వే కదా? "కళ్లు మూసుకుని చెంప తుపాకీ వెనక చెక్కకి ఆనించు. మెడ సాగదియ్యకు. ఇప్పుడు కళ్లు తెరువు. స్కోపులో గుండ్రం నిండుగా కనిపిస్తే అదే నీ ఎత్తు. అంచున నల్లగా నెలవంక కనిపించిందా, రింగులు మార్చు." ఎవడైనా పుస్తకం చూసి కొలత చెబితే తిట్టేవాడివి. ఎవడి మొహాన్ని బట్టి వాడి ఎత్తు అనేవాడివి.

మరి ఆ మొహమే మారిపోతే?

చెంప లోపలికి పోయింది. చెక్క మీద మెత్త కట్టానా, తగలగానే కళ్లనీళ్లు పెట్టుకున్నావు. కరెంటు పెట్టిన చర్మం, దూది తగిలినా మంటే. ఎడమ భుజానికి మారుద్దామంటే ఆ కన్ను చిన్నప్పట్నించీ మసక. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అక్కేమో ఆదివారం క్లబ్బు పోటీకి నీ చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది. "ఒక్కసారి గురి చూశాడంటే మళ్లీ మనిషవుతాడురా" అంటోంది. వంటింట్లో ఉన్నా చెవులు ఇటే ఉంటాయి.

సరే, ఇదే ఆఖరి జత. స్కోపుకీ బ్యారెల్‌కీ మధ్య కాగితం కూడా దూరదు. తూటాల్లేవు, చూశావుగా. కళ్లు మూసుకో. ఆనించు... మెల్లిగా. నొప్పా? ఆగుదామా? వద్దా? సరే, తెరువు.

ఏంటీ, బొటనవేలా! నిండుగా కనిపిస్తోందా? నల్లంచు లేదూ? ఆ గోడ మీది క్యాలెండరు? అంకెలు కూడానా! అక్కా! ఓ అక్కా, ఇలా రా!

ఉండుండు.

బావా, స్కోపు ముందద్దం మీద మూత అలాగే ఉంది. గీతలు పడతాయని నేనే పెట్టాను, తియ్యడం మర్చిపోయాను. నీకు చీకటి తప్ప ఏం కనిపించింది?

ఇక వదిలెయ్యమని చెప్పడానికి నోరు లేకనా ఇలా? మా కోసం ఆ మంట ఓర్చుకుని అక్కడ చెంప పెట్టావా? నాకు ఏడుపొస్తోంది బావా.

అదిగో, అక్క వస్తోంది. చెయ్యి దించకు. బొటనవేలు అలాగే ఉంచు. మూత నేను తియ్యనులే, ఎత్తు సరిగ్గా కుదిరిందనే చెబుతాను. ఆదివారం సంగతంటావా, అది ఆదివారమే చూసుకుందాం.