స్వాగతం పేజీ రాసింది నేనే

అదేం మాట చెల్లాయ్, అన్నిటికీ నేనేనా? మీ ఆసుపత్రి కంప్యూటర్లలో తెర చదివి వినిపించే ప్రోగ్రాంకి కొత్త వెర్షన్ వేసింది నేనా? చెవిలో పరాయి భాష మోగుతోందని పొద్దున్నించీ ఫోన్ మీద ఫోన్ చేశావు, ఉన్న పని ఉన్నట్టు వదిలేసి వచ్చాను. ముందు ఆ హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టు. నా మాట విను.

ఆఁ, తెలుసు. ఎంక్వైరీ కౌంటర్లో నీ కుర్చీలో ఇంకొకళ్లని కూర్చోబెట్టారు. నిన్ను గోడవార స్టూలు మీదికి మార్చారు. సూపరింటెండెంటు మర్యాదగానే చెప్పాడంటున్నావు, అది చెప్పేది మీకు అర్థమయ్యేదాకా ఆగండమ్మా అని. మర్యాదగా చెప్పినంత మాత్రాన స్టూలు కుర్చీ అయిపోతుందా?

పాత వెర్షన్ పెట్టించమంటావు. వస్తూ వస్తూ మీ కంప్యూటర్లు చూసే ఆయన్ని అడిగే వచ్చాను. కంప్యూటర్లు కూడా కొత్తవి వచ్చాయిగా, వాటిలో పాతది పనిచేయదట. కొత్తదాంట్లో మన భాష లేదు. తీసేశారు.

ఎందుకంటే... ఇది ఊరికే వచ్చే ప్రోగ్రాం కదా. తెర మీదున్నది నీకు చదివి వినిపించినందుకు ఎవరూ డబ్బు అడగరు. ఏ భాషకి ఆ భాషవాళ్లు, తీరిక చూసుకుని కూర్చుని అది పలకాల్సిన మాటలు రాసిపెడతారు. ఏ భాషలోనైనా సగం కూడా పూర్తవకపోతే దాన్ని పక్కన పెట్టేస్తారు. ఈసారి ప్రోగ్రాం మొత్తం తిరగరాశారు, కొత్త వాక్యాలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. ఒక్కణ్ణి ఎన్నని రాయను?

జట్టులో ఇంకెవరూ లేరా అంటే ఏం చెప్పను? ఇప్పటివాళ్ల సంగతి నీకు తెలీదు తల్లీ. ఒకపూట ఉత్సాహంగా వస్తారు, నాలుగు వాక్యాలు గిలికి మళ్లీ కనిపించరు. కూర్చుని చేసే ఓపిక ఎవరికుంది?

ఏమిటలా తల పక్కకి వంచావు? నువ్వలా వంచితేనే నాకు భయం. చిన్నప్పుడూ ఇంతే, నేను అబద్ధమాడుతుంటే ఇలాగే వినేదానివి. ఇంక నిజం చెప్పేసేవాణ్ణి.

సరే. వచ్చినవాళ్లని నిలవనివ్వంది నేనే.

మా దగ్గర కొత్తవాళ్లు రాసింది సూటిగా ప్రోగ్రాంలోకి వెళ్లదు. జట్టు పెద్ద చూసి సరే అనాలి. పెద్ద అంటే నేనే. చూద్దాంలే అని పక్కన పడేసేవాణ్ణి. చూసిన రోజున కూడా "ముందు నియమాలు చదివి రండి" అని ఒక్క ముక్క రాసి తిప్పి పంపేవాణ్ణి. పాపం, వాళ్లు చదివే వచ్చుంటారు.

ఇంతకన్నా సిగ్గుమాలిన సంగతి ఇంకోటుంది. కొత్తవాళ్లని ఎలా ఆహ్వానించాలో చెప్పే స్వాగతం పేజీ ఒకటుంది మాకు. వచ్చినరోజే పలకరించండి, తప్పుంటే నెమ్మదిగా చూపించండి, బాగుంటే బాగుందనండి, అని. దాన్ని మన భాషలో రాసింది నేనే. ఒక్కో వాక్యం చెక్కి చెక్కి రాశాను. వేరే భాషల పెద్దలు భేష్ అన్నారు, వాళ్లకి మన భాష ఒక్క ముక్క రాదనుకో. నేనలా చెక్కుకుంటూ కూర్చున్నన్నాళ్లూ కొత్తవాళ్లు రాసినవన్నీ నా ముందు పడిగాపులు కాస్తూనే ఉన్నాయి. కోడలికి బుద్ధి చెప్పి అత్త తెడ్డు నాకిందట అని మీ వదిన మొహం మీదే అనేసింది. అనదూ మరి?

వాళ్లలో గోరింక అని ఒకావిడ. అసలు పేరు తెలీదు, అక్కడ అందరికీ మారుపేర్లే. ఆవిడ రాసింది చూస్తే ఎవరో పక్కన కూర్చుని చెప్తున్నట్టుండేది. నేను "ప్రస్తుత చర్యను రద్దుపరచుటకు" అని మొదలుపెట్టి ఊపిరాడకుండా రాసినచోట, ఆవిడ "వద్దనుకుంటే ఇది నొక్కండి" అని తేల్చేసింది. ఆవిడదే బాగుంది. చదవగానే తెలిసింది నాకు. అయినా తిప్పి పంపాను. సర్ది మళ్లీ పంపింది. మళ్లీ తిప్పాను. ఎక్కడ తప్పో చెప్తే నేర్చుకుంటానండీ అని రాసింది. నేను జవాబివ్వలేదు. తప్పంటూ ఉంటే కదా చెప్పడానికి.

మన భాష తీసేశారని పోయినవారమే తెలిసింది నాకు. నీకు చెప్పలేదు, ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఆవిడకి మాత్రం రాశాను. తప్పయిపోయింది, రండి, ఇద్దరం కూర్చుంటే వచ్చే వెర్షన్‌లోనైనా మన భాషని మళ్లీ ఎక్కించొచ్చని బతిమాలాను. జవాబిచ్చింది. ఒక్క నిష్ఠూరం లేదు. ఆవిడకీ చూపు లేదట చెల్లాయ్. నేను రాసిన మాటలు వింటూనే కంప్యూటర్ నేర్చుకుందట, ఆ రుణం తీర్చుకుందామని వచ్చిందట. ఇప్పుడు పరాయి భాషలో వినడం అలవాటు చేసేసుకున్నానండీ, ఇక మనది అక్కర్లేదు, ఏమనుకోకండి అని రాసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఊఁ. బాగున్నప్పుడు ఎందుకు తిప్పి పంపావంటావు. ఇది అడుగుతావనే దారి పొడుగునా భయపడుతూ వచ్చాను.

నీకు చూపు పోయిన కొత్తలో ఎవరితోనూ మాట్లాడేదానివి కాదు. ఈ పని నేను మొదలుపెట్టింది నీ కోసమే. మొదటిసారి అది మన భాషలో పలికినప్పుడు నువ్వు నవ్వి, అన్నయ్యా, నువ్వే పక్కన కూర్చుని చదువుతున్నట్టుంది అన్నావు. ఆ మాట నాకు తలకెక్కింది. నీ చెవిలో పడే ప్రతి మాటా నాదే అయ్యుండాలనుకున్నాను. ఇంకొకళ్లది ఒక్కటి కూడా పడకూడదనుకున్నాను.

గోరింక మాటలు వింటే, ఇప్పుడు హాయిగా ఉంది అన్నయ్యా అంటావేమోనని భయం. అంతే. దానికోసం నీ కుర్చీ పోగొట్టాను.

అనేదానివే కదూ? పరవాలేదు, చెప్పు. అనేదానివే.